పోయేది స్క్రూ, మిగలాల్సింది మర

సోమవారం వచ్చిందంటే వేములవాడ రోడ్లు రాజన్న దర్శనానికి వచ్చే బండ్లతో నిండుతాయి. వాటిలో పాత బైకులు తక్కువేమీ ఉండవు. ఆగి ఆగి నడిచే బండిని షెడ్డుకు తోసుకుపోతే మెకానిక్ అనుమానం ముందు కార్బొరేటర్ మీదికే పోతుంది. అడుగున ఉన్న చిన్న గిన్నె విప్పి చెత్త కడగాలి. గిన్నెను పట్టి ఉంచే స్క్రూలలో బయటి వైపువి గిర్రున వచ్చేస్తాయి. ఇంజను వైపు దాక్కొని, తల కిందికి పెట్టుకున్నది మాత్రం మొండికేస్తుంది. స్క్రూడ్రైవర్ వంకరగా పెట్టి తిప్పితే ప్లస్ గాడి గుండ్రటి గుంతైపోతుంది. పనితనం బయటపడేది అప్పుడే. స్క్రూ ఎంత తొందరగా వచ్చిందో చూసి ఆ పనితనాన్ని కొలవలేం; అది కూర్చున్న మర ఎంత చెక్కుచెదరకుండా మిగిలిందో చూడాలి. స్క్రూ పోతే కొన్ని రూపాయలు. మర పోతే కార్బొరేటరే మార్చాల్సి రావచ్చు.

గాడి అరిగిన పాపమంతా మెకానిక్ తొందరదే అనలేం. అమెరికాలో 1936లో హెన్రీ ఫిలిప్స్‌కు పేటెంట్ వచ్చిన ప్లస్ గాడికి గోడలు ఏటవాలుగా ఉంటాయి. బలం పెరిగినకొద్దీ డ్రైవర్‌ను అవే పైకి నెట్టేస్తాయి. జపాన్ కొలతల ప్లస్ దీనికి కొంచెం వేరు. స్క్రూ తల మీద చిన్న చుక్క కనిపిస్తే సాధారణంగా అది జపాన్ గాడే. మామూలు డ్రైవర్ అందులో సరిగ్గా కూర్చోదు. పైగా డ్రైవర్ పనిలో తిప్పుడు కంటె ఒత్తుడే ముఖ్యం, ఇరుకులో దానికే చోటుండదు. అందుకే చెయ్యి తిరిగినవాడు ఆ రెండు పనులనూ విడదీస్తాడు. పొట్టి బిట్‌ను గాడిలో పెట్టి బొటనవేలితో అదిమి పట్టి, దాని ఆరు పలకల ఒంటికి పావు అంగుళం రింగు పానా తొడిగి తిప్పుతాడు. ఇంకా తెలివైనవాడు క్లాంపు వదులు చేసి కార్బొరేటర్‌నే పక్కకు తిప్పుతాడు, దాక్కున్న తల ఎదురుగా వస్తుంది.

అప్పటికీ రాకపోతే మెత్తటి ఉపాయం నుంచి గట్టిదానికి పోవాలి, అడుగు దాటకూడదు. తల చుట్టూ రెండు చుక్కల గ్యాసునూనె వేసి కాసేపు వదిలెయ్యాలి. తర్వాత తల మీద సుత్తెతో చిన్నగా తట్టాలి. ఆ అదురుకు తుప్పు పట్టు సడలుతుంది. వేడి కూడా పనిచేస్తుంది. కార్బొరేటర్ ఒంటి అల్యూమినియం స్క్రూ ఇనుము కంటె దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కాబట్టి మరుగుతున్న నీళ్లు పోస్తే రంధ్రం స్క్రూ కంటె ఎక్కువ వదులవుతుంది. పెట్రోలు ఉన్నచోట మంట మాత్రం పెట్టవద్దు. తల అంచు పైకి ఉంటే లాకింగ్ ప్లయర్‌తో పట్టి తిప్పవచ్చు, లేదా చిన్న ఉలిని అంచున ఏటవాలుగా ఆనించి విప్పే దిక్కుకు కొట్టవచ్చు. డ్రిల్ చివరిది. దానితో కూడా తలను మాత్రమే తీసెయ్యాలి. తల ఊడితే బిగువు పోతుంది, గిన్నె చేతికొస్తుంది, మిగిలిన మొండెం చాలాసార్లు ప్లయర్‌కు లొంగుతుంది. లోపలికి గుచ్చి తిప్పే ఎక్స్‌ట్రాక్టర్‌తో జాగ్రత్త: అది విరిగి లోపల ఉండిపోతే మామూలు డ్రిల్ బిట్ దాన్ని కోయలేదు.

ఇంత తతంగం ఎందుకు, నేరుగా డ్రిల్ పెడితే నిమిషం పని కదా అనేవాళ్లున్నారు. నిజమే. కానీ ఇరుకులో డ్రిల్ నిటారుగా నిలవదు. బిట్ పక్కకు జారితే గట్టి స్క్రూను వదిలి మెత్తటి అల్యూమినియాన్ని తింటుంది. ఆదా అయిన నిమిషానికి ఖరీదు కట్టేది బండి యజమాని. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చాక కొత్త బైకులలో కార్బొరేటర్లే దాదాపు మాయమయ్యాయి, ఇక ఈ విద్య ఎవరికి అన్నది ఇంకో మాట. దానికి జవాబు పక్కనే సిరిసిల్లలో ఉంది. మరమగ్గాల సందుల్లో నూనె, నూలు దుమ్ము కలిసి గట్టిపడినచోట, చెయ్యి కూడా సరిగా పట్టని మూలల్లో, మగ్గాలు బాగుచేసే జాబర్ విప్పాల్సిన బోల్టులూ ఇలాంటివే. లోహం మారుతుంది, కొలత మారుతుంది, వరుస మారదు.

మీ బండి స్క్రూ ఇలా ఊడితే మళ్లీ అదే ప్లస్ స్క్రూ వేయించకండి. అదే కొలత అలెన్ బోల్టు అడగండి. మరకు చుక్క గ్రీజు రాసి, అలెన్ కీ పొట్టి వైపు పట్టుకొని బిగించమనండి. పొడుగు వైపు పట్టుకుంటే బలం ఎక్కువై అల్యూమినియం మర తెగవచ్చు.