గుర్తుపట్టే మనిషి, నిలబడే చోటు: తెలుగు రచయిత్రుల కథల్లో ప్రేమ, వియోగం, పునరారంభం

వ్యాస సంగ్రహం:

ప్రేమించడం, కోల్పోవడం, మళ్లీ మొదలుపెట్టడం అనే మూడు దశలు స్త్రీల జీవితాన్ని చిత్రించే కథాసాహిత్యంలో తరచుగా కనిపిస్తాయి. మూడవ దశను ఎక్కువ కథలు కొత్త ప్రేమగానో, రెండవ వివాహంగానో చూపి ముగిస్తాయి. పి. సత్యవతి, ఓల్గా, అబ్బూరి ఛాయాదేవి రాసిన కొన్ని కథలు ఈ పద్ధతిని కాదని మరో దారి తొక్కాయి. ఈ కథల్లో పునరారంభానికి రెండు ఆధారాలు కావాలి. ఒకటి, స్త్రీని ఆమెగా గుర్తుపట్టే మరో మనిషి. రెండవది, ఆమె నిలబడగలిగే చోటు. ‘ఇల్లలకగానే’, ‘సమాగమం’, ‘తన మార్గం’, ‘దమయంతి కూతురు’ కథలను ఈ రెండు ఆధారాల దృష్టితో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: తెలుగు కథ, రచయిత్రులు, వియోగం, పునరారంభం, స్త్రీల స్నేహం, ఆస్తిహక్కు.

1. ఉపోద్ఘాతం:

స్త్రీల కథలను గురించి మాట్లాడేటప్పుడు ‘హృదయాన్ని కదిలించే కథ’ అనే మాట తరచుగా వినిపిస్తుంది. ఆ మాట మెచ్చుకోలుగానే వాడినా, దాని వెనుక ఒక తక్కువ చూపు ఉంది. కదిలించే కథ ఆలోచింపజేయదని, కన్నీటితో దాని పని పూర్తవుతుందని ఒక భావన విమర్శలో చాలాకాలంగా ఉంది. ఇక్కడ పరిశీలిస్తున్న నాలుగు కథలూ కదిలించేవే. అయితే వాటిలోని ఆర్ద్రత ఆలోచనకు అడ్డు రాదు. కోల్పోయిన తర్వాత స్త్రీ ఎలా బతుకుతుంది, ఎవరి తోడుతో బతుకుతుంది, ఎక్కడ బతుకుతుంది అనే ప్రశ్నలను ఆ ఆర్ద్రతే పుట్టిస్తుంది. పరిశోధకులు, అధ్యాపకులు ఈ కథలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదివితే, విడివిడిగా చదివినప్పుడు దొరకని ఒక వాదం బయటపడుతుంది.

2. నేపథ్యం - పునరారంభం అంటే పునర్వివాహమేనా?

ఆధునిక తెలుగు సమాజంలో భర్తను కోల్పోయిన స్త్రీకి ‘మళ్లీ మొదలు’ అనే భావన సంస్కరణోద్యమంతో బలపడింది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం జరిపించిన వితంతు వివాహం అందుకు చారిత్రక గుర్తు. ఆ కార్యం సాహసోపేతమైనది, అవసరమైనది. కానీ అందులో స్త్రీకి దొరికిన కొత్త జీవితం కొత్త భర్త రూపంలోనే దొరికింది. దానిని చేతికందించినవాడు సంస్కర్త.

గురజాడ ‘కన్యాశుల్కం’ 1909 నాటి రూపంలో ఈ విషయాన్ని ఒక మలుపు తిప్పింది. గిరీశం బుచ్చమ్మను పెళ్లాడాలనుకుంటాడు. సౌజన్యారావు పంతులు ఆమెను పూనాలోని వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు చేస్తాడు. వితంతువుకు భర్త బదులు చదువు, ఉండడానికి ఒక చోటు దొరకవచ్చుననే ఆలోచన ఇక్కడ మొలకెత్తింది. అయితే ఆ నిర్ణయం బుచ్చమ్మది కాదు. తర్వాతి కాలంలో చలం ‘మైదానం’లో రాజేశ్వరి తనంతట తానే గడప దాటింది. నిర్ణయం ఆమెదే, కానీ ఆ అడుగు పడింది మరో పురుషుడి ప్రేమ వైపు. ఈ విధంగా ఒక రచనలో చోటు ఉంది, నిర్ణయం లేదు. మరొక రచనలో నిర్ణయం ఉంది, దానికి గమ్యం కొత్త ప్రేమ. తర్వాతి తరం రచయిత్రులు ఈ రెండు ఖాళీల నుంచి బయలుదేరారు.

3. పేరు పోగొట్టుకున్న ఇల్లాలు - ‘ఇల్లలకగానే’:

పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో మరణం లేదు, విడాకులు లేవు, వంచన లేదు. భర్త క్రూరుడు కాడు. ఇల్లు నీదే అని అప్పగిస్తాడు, అలికి ముగ్గు పెడితే మెచ్చుకుంటాడు. ఆ మెప్పుతో అలకడమే ఆమె జీవితమైంది. ఒకరోజు అలుకుతూ అలుకుతూ తన పేరేమిటో ఆమెకు గుర్తుకు రాదు. పనిమనిషికి ఆమె అమ్మగారు, పిల్లలకు అమ్మ, భర్తకు ఒక పిలుపు. ఎవరిని అడిగినా ఆమె అవసరమేమిటో వాళ్లకు అర్థం కాదు.

ఇల్లలుకుతూ పేరు మరచిన ఈగ కథ వినని తెలుగు బాల్యం అరుదు. ఆ ఈగ కనిపించినవారినల్లా అడుగుతూ పోయి, చివరికి గుర్రం కడుపులోని పిల్ల సకిలింపులో తన పేరు వింటుంది. పిల్లలు నవ్వుకునే ఈ కథను సత్యవతి ఇల్లాలి మీదికి మళ్లించినప్పుడు నవ్వు నిలవదు. ఈగ మరుపు అమాయకత్వం, ఇల్లాలి మరుపు ఏళ్ల తరబడి జరిగిన నష్టం. శీర్షికలోనూ సామెత సగం దగ్గర ఆగింది. ఇల్లలకగానే పండుగ అవుతుందా అన్న ప్రశ్నలో రెండవ సగాన్ని పాఠకుడే పూర్తిచేసుకోవాలి.

ఆమెకు పేరు తిరిగి ఇచ్చేది ఎవరన్నది కథకు కీలకం. పుట్టింట్లో వెదుకులాట సాగుతుండగా ఎదురైన చిన్ననాటి స్నేహితురాలు ‘శారదా’ అని పిలుస్తుంది. పేరుతోపాటు చదువులో, పాటలో, బొమ్మలు వేయడంలో శారద ముందుండిన సంగతిని కూడా గుర్తుచేస్తుంది. పెళ్లికి ముందున్న మనిషికి సాక్షి ఆ స్నేహితురాలే. సాక్షి లేకపోతే జ్ఞాపకం కూడా ఉండదన్నది ఈ కథ చూపిన కఠిన సత్యం.

అయితే శారద మళ్లీ ఆ ఇంటికే వస్తుంది, ఇకమీదట తనను పేరుతో పిలవమంటుంది. ఇది రాజీ అనిపించవచ్చు. ఇల్లు మారలేదు, పని మారలేదు. కానీ కథ పరిష్కారాన్ని వాగ్దానం చేయదు. గుర్తుపట్టే మనిషి దొరికింది. నిలబడే చోటు విషయంలో మాత్రం అదే ఇంట్లో ఇక బేరమాడవలసి ఉంది. పునరారంభం పూర్తయిందని కాక, సాధ్యమైందని మాత్రమే చెప్పి ఆగడంలో రచయిత్రి నిజాయితీ ఉంది.

4. శత్రువు స్నేహితురాలు కావడం - ‘సమాగమం’:

2015 సంవత్సరానికి కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం పొందిన ఓల్గా ‘విముక్త’ సంపుటిలో సీతకు శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ ఎదురవుతారు. ఒక్కొక్కరూ ఒక్కొక్క నష్టం నుంచి తేరుకున్నవారు. ఈ సంపుటి ఆంగ్లానువాదం 2016లో వెలువడింది. ‘సమాగమం’లో లవకుశులు తెచ్చిన పూల మూలంగా శూర్పణఖ తోట సంగతి సీతకు తెలుస్తుంది. ఇతిహాసంలో ఒకే పురుషుడి కారణంగా ఎదురెదురుగా నిలిచిన ఇద్దరు స్త్రీలు ఇక్కడ ఒకరి దుఃఖాన్ని ఒకరు వింటారు.

శూర్పణఖ పోగొట్టుకున్నది ప్రేమను మాత్రమే కాదు, సౌందర్యాన్ని ఆరాధించే తన కన్నును కూడా. ముక్కుచెవులు కోసిన తర్వాత అందమైన ప్రతిదాని మీదా ఆమెకు ద్వేషం కలిగింది. ఆ ద్వేషం నుంచి బయటపడడానికి ప్రకృతి తోడైంది. తోట పెంచింది. ఆమె జీవితంలో సుధీరుడనే సహచరుడు కూడా ఉన్నాడు. అయితే కథా నిర్మాణంలో అతని స్థానాన్ని గమనించాలి. తోట ముందు వచ్చింది, సహచరుడు తర్వాత వచ్చాడు. ప్రేమ ఆమె పునరారంభానికి కారణం కాదు, ఫలితాల్లో ఒకటి. ప్రేమకథల సాధారణ క్రమాన్ని ఓల్గా ఈ ఒక్క మార్పుతో తలకిందులు చేసింది. పురుషుడి సాహచర్యాన్ని తిరస్కరించకుండానే దానిని స్త్రీ జీవిత సాఫల్యానికి ఏకైక కొలమానంగా ఉంచలేదు.

పిల్లలను పెంచడమే తన గమ్యమని చెప్పే సీతకు, వాళ్లు రాజ్యానికి వెళ్లిపోయాక ఏమిటన్న ప్రశ్న ఎదురవుతుంది. ఆ ప్రశ్నతోపాటే తన తోటకు రమ్మన్న శూర్పణఖ ఆహ్వానం ఉంది. గుర్తుపట్టే మనిషి, నిలబడే చోటు ఒక్కచోట కలిసిన కథ ఇది. సీత భూమిలో కలవడమనే పురాణ ఘట్టానికి ఇక్కడ కొత్త అర్థం వస్తుంది. భూమి అంటే అంతమయ్యే చోటు కాదు, మరొక స్త్రీ పెంచిన తోట ఉన్న చోటు.

ఈ కథకు ఒక లోపం కూడా ఉంది. శూర్పణఖ అనుభవించిన సుదీర్ఘ వేదన సంభాషణలో, గడిచిపోయిన విషయంగా వస్తుంది. ద్వేషం నుంచి శాంతికి చేరిన దారిలోని ఒక్కొక్క రోజు పాఠకుడికి కనిపించదు. తేరుకున్న మనిషి కనిపిస్తుంది, తేరుకోవడం కనిపించదు. శారద వెదుకులాటను పాఠకుడు ఆమెతో కలిసి నడుస్తాడు. శూర్పణఖ నడకను వింటాడు. భావపరంగా ‘సమాగమం’ విస్తృతమైనదే అయినా, అనుభవపరంగా ‘ఇల్లలకగానే’ మరింత సన్నిహితం కావడానికి కారణం ఇదే.

5. చోటు ఎవరిది? - ‘తన మార్గం’:

అబ్బూరి ఛాయాదేవికి ‘తన మార్గం’ సంపుటిపై 2005లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం లభించింది. శీర్షిక కథలో భర్త మరణించిన తర్వాత పెద్దవయసు స్త్రీ పిల్లల ఇళ్ల మధ్య పంపకమయ్యే జీవితాన్ని కాదని, తనకు నచ్చిన రీతిలో బతకాలని నిర్ణయించుకుంటుంది. పునరారంభం యౌవనానికి మాత్రమే చెందుతుందన్న నమ్మకాన్ని ఈ కథ ప్రశ్నించింది. ఆమె పిల్లల మీద కోపంతో విడిపోదు. వియోగ దుఃఖం ఉంది. ఆ దుఃఖాన్ని అడ్డం పెట్టుకుని తన తరఫున ఇతరులు నిర్ణయించడాన్ని మాత్రమే ఆమె ఒప్పుకోదు.

‘తన మార్గం’ అన్న మాటలో ‘తన’ అనే పదం బరువైనది. మార్గం తనది కావాలంటే కాళ్ల కింద నేల కూడా తనది కావాలి. ఈ సందర్భంలో చట్టం నేపథ్యాన్ని గుర్తుచేసుకోవడం అవసరం. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమార్తెలకు సమాన వాటా కల్పిస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో హిందూ వారసత్వ చట్టానికి సవరణ చేసింది. అయితే ఆ సవరణ అమలుకు ముందే పెళ్లయిన కుమార్తెలకు అది వర్తించలేదు. దేశవ్యాప్త సవరణ 2005లో వచ్చింది. అంటే ఛాయాదేవి కథలోని తరానికి చెందిన చాలామంది స్త్రీలు పుట్టింటి ఆస్తిలో వాటా లేకుండానే వార్ధక్యానికి చేరారు. అటువంటి స్త్రీకి వితంతుదశలో సొంత ఇంట్లో సొంతంగా బతకడమన్నది చిన్న కోరిక కాదు.

6. వెనుక మిగిలినవారు - ‘దమయంతి కూతురు’:

ఒకరి పునరారంభం మరొకరికి నష్టం కావచ్చు. ఈ చేదు నిజాన్ని పక్కన పెట్టకుండా సత్యవతి రాసిన కథ ‘దమయంతి కూతురు’. ఇల్లు విడిచి వెళ్లిపోయిన తల్లి నీడలో పెరిగిన కూతురి కథ ఇది. నలదమయంతుల కథలో అడవిలో భార్యను విడిచి వెళ్లినవాడు నలుడు. ఇక్కడ వెళ్లినది దమయంతి. నలుడి వియోగాన్ని లోకం విధికి, కలికి అంటగట్టి క్షమించింది. ఈ దమయంతి విషయంలో ఆ క్షమ లేదు. నింద వెళ్లినామె వెంట పోకుండా, వెనుక మిగిలిన కూతురి మీద నిలిచింది. శీర్షికలో కూతురికి సొంత పేరు లేకపోవడం శారద మరుపును గుర్తుచేస్తుంది. ఒకామె పేరు ఇంటిపనిలో పోయింది, మరొకామె పేరు లోకం నోట పోయింది.

ఈ కథ తల్లిని ఆకాశానికెత్తదు, కూతురి బాధను తగ్గించి చెప్పదు. తల్లిని తీర్పు చెప్పవలసిన నిందితగా కాక, అర్థం చేసుకోవలసిన మనిషిగా చూసే ప్రయత్నం కూతురు చేస్తుంది. శారదకు స్నేహితురాలు, సీతకు శూర్పణఖ చేసిన పనిని ఇక్కడ కూతురు చేస్తోంది. తేడా ఏమిటంటే, గుర్తుపట్టిన ఆ మనిషి స్వయంగా గాయపడినది. నాలుగు కథల్లోనూ ఎక్కువ మూల్యం చెల్లించి పొందిన అవగాహన ఇదే.

7. పరిమితులు:

ఈ కథల లోకం ప్రధానంగా చదువుకున్న మధ్యతరగతిది. ‘గడప దాటడం’ అనే ప్రతీకకు ఆ లోకంలోనే అంత బరువు ఉంది. కూలికి పోయే స్త్రీకి గడప దాటడం రోజువారీ పని. ఆమె పోగొట్టుకునేది, తిరిగి కూడగట్టుకునేది వేరుగా ఉంటాయి. గోగు శ్యామల ‘ఏనుగంత తండ్రికన్న ఏకులబుట్టంత తల్లి నయం’ సంపుటి పేరులోని సామెతే ఆ తేడాను చెబుతుంది. అక్కడ తల్లి విలువ ఆమె తిరుగుబాటుతో కాక, పిల్లలను నిలబెట్టే ఆమె శ్రమతో కొలవబడుతుంది. కనుక ఇక్కడ ప్రతిపాదించిన రెండు ఆధారాలను స్త్రీలందరి కథలకూ ఒకే తీరున వర్తింపజేయడం సరికాదు. దళిత, ముస్లిం, ఆదివాసీ రచయిత్రుల కథల్లో ‘చోటు’ అంటే ఇల్లా, వాడా, పొలమా అన్నది విడిగా పరిశోధించవలసిన అంశం.

8. ఉపసంహారం:

1. ఈ కథల్లో పునరారంభానికి మూలం కొత్త ప్రేమ కాదు. ‘సమాగమం’లో వలె ప్రేమ ఉన్నా, అది పునరారంభం తర్వాత వస్తుంది.

2. స్త్రీని ఆమెగా గుర్తుపట్టేది ఎక్కువగా మరో స్త్రీ. స్నేహితురాలు, ఒకనాటి శత్రువు, కూతురు ఆ పాత్రను నిర్వహించారు.

3. గుర్తింపు ఒక్కటే సరిపోదు. శారదకు పేరు దొరికినా చోటు దొరకలేదు. ‘తన మార్గం’ ఈ రెండవ అవసరాన్ని ముందుకు తెచ్చింది.

4. వియోగం చెరిగిపోవడం ఈ కథల్లో ఎక్కడా జరగదు. శూర్పణఖ ముఖం మునుపటిలా కాదు, దమయంతి కూతురి బాల్యం తిరిగి రాదు. చెరగని నష్టంతోపాటు బతకడాన్నే ఈ కథలు పునరారంభంగా నిర్వచించాయి.

తరగతి గదిలో ఈ నాలుగు కథలను ‘ఇల్లలకగానే’తో మొదలుపెట్టి ‘దమయంతి కూతురు’తో ముగించడం ఉపయుక్తం. మొదటి కథ చదివిన విద్యార్థి శారద పక్షాన సులభంగా నిలబడతాడు. చివరి కథకు వచ్చేసరికి ఆ పక్షం వహించడానికి ఎవరు ఏమి చెల్లించారో లెక్క చూసుకోవలసి వస్తుంది. హృదయాన్ని కదిలించే కథకు విమర్శలో దక్కవలసిన గౌరవం ఆ లెక్క దగ్గరే మొదలవుతుంది.