రాగి పూత కింద

1982లో అమెరికా ఒక సెంటు నాణెం లోపలి లోహం మారింది. 95 శాతం రాగితో 3.11 గ్రాములు తూగిన నాణెం స్థానంలో, జింకు బిళ్లకు పలుచటి రాగి పూత వేసిన 2.5 గ్రాముల నాణెం వచ్చింది. లింకన్ బొమ్మ అదే, రంగూ అదే. ఆ పూత కింద ఏం జరుగుతోందో పైనుంచే చదవగలగడం నాణేల పరీక్షకుల గొప్ప విద్య.

పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, పక్కనుంచి పడే దీపం వెలుతురు. ఇంతే సరంజామా. అంచులు పట్టుకుని నాణేన్ని మెల్లగా తిప్పుతారు. నున్నగా, చుట్టుపక్కల రంగులోనే మెరిసే బుడిపె కనిపిస్తే అది పూత బుడగ. పూతకూ జింకుకూ మధ్య చిక్కిన వాయువు ఉబ్బడం వల్ల అది టంకశాలలోనే పుట్టింది. బుడిపె నల్లబారి, పగిలి, తెల్లటి పొడి కనిపిస్తే కథ వేరు. ఏదో సన్నని పగులు గుండా తేమ దిగింది. రాగిని అంటుకుని ఉన్న జింకు ముందుగా తానే కరిగిపోతుంది. ఆ తుప్పు ఉబ్బి పూతను పైకి తోస్తుంది.

అసలు నేర్పు అక్షరాల దగ్గర తెలుస్తుంది. అచ్చుదెబ్బకు పూత సాగి చిట్లితే, అక్షరం పక్కన బూడిదరంగు జింకు గీత బయటపడుతుంది. కొత్తవాళ్లు దాన్ని, అక్షరాలు రెండేసిగా కనిపించే 1995 నాటి ప్రసిద్ధ జంట అచ్చు నాణెమని భ్రమపడతారు. నిజమైన జంట అచ్చులో రెండో గీత కూడా ఉబ్బెత్తుగా, రాగి రంగులోనే ఉంటుంది.

అమెరికా నుంచి వచ్చిన సెంట్లు మీ ఇంట్లో ఉంటే చింతపండుతో తోమకండి. పులుపు పగుళ్లలోంచి జింకును తినేస్తుంది. పొడిగా, విడివిడిగా దాచండి.