తోమిన రూపాయి

మా నాయనమ్మ పోయాక ఆమె ట్రంకుపెట్టె అడుగున, పాత జాకెట్టు గుడ్డ మూటలో తొమ్మిది వెండి రూపాయలు దొరికాయి. మసి పట్టినట్టు నల్లగా ఉన్నాయి. పండక్కి పూజ సామాను తోమడం అలవాటైన చేయి ఊరుకుంటుందా? చింతపండుతో రుద్ది, పైన పళ్లపొడి పెట్టాను. తళతళలాడాయి. మురిసిపోతూ తీసుకెళ్లి, నాణేల సేకరణలో తల పండిన ఓ పెద్దాయనకు చూపించాను. భూతద్దం కింద పెట్టి చూసి, "తోమేశావా నాయనా? నిన్నటిదాకా ఇవి నాణేలు. ఇవాళ వట్టి వెండి" అన్నాడాయన.

ఆ నలుపు మురికి కాదు. గాలిలోని గంధకం తగిలి వెండి మీద ఏళ్ల తరబడి పేరుకున్న పొర. రుద్దితే దాంతోపాటు అచ్చులోని సన్నగీతలూ అరిగిపోతాయి. సేకరించేవాడు డబ్బిచ్చేది ఆ గీతలకే. మెడలో వేసుకోవడానికి కొక్కెం అతికించిన రూపాయి గతీ అంతే.

అప్పట్నుంచి ఏ రూపాయి చేతికొచ్చినా ముందు ఒకటే అడుగుతాను: నేను కొంటున్నది వెండినా, నాణేన్నా?

వెండినైతే లెక్క సులువు. బ్రిటిష్ రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా పాత తులం. ఇప్పుడు కొట్లో తులమంటే 10 గ్రాములే కాబట్టి, బేరం ఎప్పుడూ గ్రాముల్లోనే ఆడాలి. ఆరో జార్జి బొమ్మను చూసి మోసపోకూడదు, కింద ఏడాది చూడాలి. 1939 దాకా నూటికి 91.7 పాళ్లు వెండి. 1940 నుంచి 1945 వరకు సగమే. 1947 రూపాయిలో ఉన్నది నికెల్. అయస్కాంతానికి టక్కున అతుక్కుంటుంది. మన నిజాం చార్మినార్ రూపాయి 11.18 గ్రాములు, చాలావాటిలో వెండి 81.8 పాళ్లు.

నాణేన్నైతే లెక్క మారుతుంది. చార్మినార్ గుమ్మంలో చిన్న ఉర్దూ అక్షరం ఉంటుంది. 'మీమ్' అయితే మహబూబ్ అలీ ఖాన్‌ది, 'ఐన్' అయితే ఉస్మాన్ అలీ ఖాన్‌ది. పాతదల్లా అరుదైనది కాదు. విక్టోరియా రాణి రూపాయిని 1862 అన్న ఏడాదితోనే 1874 దాకా ముద్రిస్తూ పోయారు; అందుకే అది కుప్పలుగా దొరుకుతుంది. దానికంటే ఎంతో కొత్తదైన 1939 రూపాయి మాత్రం దొరకడమే గగనం. దొరికితే ముందు అనుమానించండి, నకిలీలు ఎక్కువ.

ధన త్రయోదశికి లక్ష్మీదేవి బిళ్ల కొనేవారికీ ఒక మాట. బిళ్ల మీద 999 గుర్తుందో లేదో చూడండి. బిల్లులో బరువు, ఆనాటి ధర, మజూరీ, 3 శాతం జీఎస్టీ విడివిడిగా రాయించుకోండి. తిరిగి అమ్మితే ఎంత కోస్తారో కొనేముందే అడగండి. 'జర్మన్ సిల్వర్'లో రాగి, నికెల్, జింకు ఉంటాయి తప్ప వెండి ఉండదు.

పాత నాణేనికి లక్షలిస్తామనీ, ముందు కమీషన్ కట్టమనీ రిజర్వు బ్యాంకు పేరు చెప్పి ఫోన్ చేసేవాళ్లున్నారు. తాను అలాంటి వ్యవహారాలు చేయననీ, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదనీ ఆ బ్యాంకే 2021లో ప్రకటించింది. బియ్యాన్ని లాగే 'రైస్ పుల్లింగ్' నాణెం కోసం ఇల్లు గుల్ల చేసుకున్న కథలు మన జిల్లా పేజీల్లో వస్తూనే ఉంటాయి. నాణెం బియ్యాన్ని లాగదు. మన ఆశే మనల్ని లాగుతుంది.

ఏటా సంక్రాంతి ముందురోజు మా ఇంట్లో వెండి సామానంతా చింతపండుతో తోముతారు. ఆ ఒక్కరోజు నాణేల పెట్టె తాళంచెవి నా మొలతాడుకే ఉంటుంది.