ఇంటి గదిలో కచేరీ నాదం

ఇంట్లో ముద్రించిన సంగీతం స్టూడియో ధ్వనికి తూగదన్న నమ్మకం యంత్రాల ధరలను చూసి పుట్టినదే గాని, ముద్రణ చరిత్రను చూసి పుట్టినది కాదు. 1902లో గ్రామఫోన్ కంపెనీ తరపున కలకత్తా వచ్చిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ గౌహర్ జాన్ గానాన్ని ముద్రించినది ఒక హోటలు గదిలోనే. జాజ్ సంగీతంలో నేటికీ ప్రమాణంగా చెప్పుకునే బ్లూ నోట్ రికార్డులలో అనేకం, పగటిపూట కంటిచూపు పరీక్షలు చేస్తూ బతికిన రూడీ వాన్ గెల్డర్, న్యూజెర్సీలోని హాకెన్‌సాక్‌లో తన తల్లిదండ్రుల ఇంటి ముందుగదిలో 1959కి ముందు ముద్రించినవి. ఆయన వద్ద మేలైన జర్మన్ మైకులు ఉన్న మాట నిజమే. ముందుగదిని వాద్యాలకు విడిచి, యంత్రాలను అద్దపు కిటికీ గల పక్కగదిలో అమర్చుకున్న ముందుచూపూ అంతే నిజం. నాణ్యత తేలేది మొదట గదిలో, ఆపైన మైకు నిలిపిన చోటులో. కంప్యూటరు వంతు వచ్చేసరికి చేయగలిగినది కొంతే మిగులుతుంది. నాదస్వభావంలో ఒకదానికొకటి పొంతన లేని గాత్రం, వయొలిన్, మృదంగం, తంబురా ఒకేచోట కూడే కర్ణాటక సంగీతంలో ఈ సంగతి మరీ స్పష్టం.

సిమెంటు గోడలు, శ్లాబు, నున్నని టైల్స్ ఉన్న గదిలో పాడిన స్వరం నేరుగా మైకును చేరిన కొద్ది మిల్లీసెకన్లకే గోడలను తాకి తిరిగివచ్చి, తొలి స్వరంతో కలిసి, కొన్ని పౌనఃపున్యాలను, అంటే సెకనుకు ఇన్నన్న లెక్కన సాగే కంపనాలను, ఉబ్బించి, మరికొన్నిటిని తుంచివేస్తుంది. డబ్బాలో పాడినట్టుందని వినేవారు అనేది దీనినే. ఎదురెదురు గోడల నడుమ పదడుగుల దూరం ఉన్న గదిలో దాదాపు 56 హెర్ట్జుల వద్దా, దాని గుణిజాల వద్దా శబ్దం కదలక నిలిచి మోగుతుంది. స్థిరతరంగమనే ఈ దోషం వల్లనే మృదంగపు తొప్పి, అంటే రవ్వముద్ద అద్దిన ఎడమ మూత, గదిలో ఒకచోట గుమ్మని, మరొకచోట ఉనికే లేకుండా వినిపిస్తుంది. పొడవు, వెడల్పు సమానమైన గదిలో రెండు దిక్కుల తరంగాలూ ఒకే పౌనఃపున్యం వద్ద కూడుతాయి కనుక అటువంటి గదిని వదులుకోవడం మేలు. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించే అలవాటు ఇప్పటికీ పోలేదు. గోడ అందం చెడడం మినహా దానివల్ల ఒరిగేది స్వల్పం. 100 హెర్ట్జుల తరంగం పొడవు సుమారు 3.4 మీటర్లు కాగా, పలుచని అట్ట గాని అంగుళం స్పంజి గాని దానిని పీల్చలేవు. మూలకు నిలిపిన దూది పరుపులు, తలుపులు తెరిచిన బట్టల బీరువా, పుస్తకాలు నిండిన అరలు కొంత నయం. ఒకవైపు ధ్వనినే పట్టే మైకు ముందువైపు నుంచి వచ్చే ధ్వనినే ఎక్కువగా గ్రహిస్తుంది కనుక, దళసరి బొంతను మైకు వెనుక కంటె ముందు గాయకుని వీపు వెనుక వేలాడదీయాలన్నది చాలామంది గమనించని సూక్ష్మం. ఫ్యానూ ఫ్రిజ్జూ ఆపడం, వీధి సద్దుమణిగిన వేళ ఎంచుకోవడం చెప్పనక్కరలేనివి.

మైకును నోటికి దగ్గరగా జరిపితే గది ప్రతిధ్వని తగ్గుతుంది గాని, ఒకవైపు ధ్వనినే పట్టే మైకులలో మంద్రం కృత్రిమంగా బరువెక్కుతుంది. జానెడు దూరం దాటితే ఈ బరువు దిగి, గొంతు సహజత్వం నిలుస్తుంది. ప, ఫ, భ వంటి అక్షరాల గాలి నేరుగా మైకుపై పడకుండా దానిని కొద్దిగా పక్కకు తిప్పి ఉంచడం సులభమైన విరుగుడు. మృదంగానికి మరింత విచక్షణ కావాలి. వలంతల, అంటే కుడి మూత మీద కరణి అనే నల్లని పూత ఉండడం వల్ల ఆ మూత ఉపస్వరాలు శ్రుతిబద్ధమైన వరుసలో అమరుతాయని సి.వి. రామన్ 1920లో ‘నేచర్’ పత్రికలో చూపారు. ఆ వరుసలోని నాదం గాలిలో కలిసి ఒక్కటయ్యేందుకు చోటు విడువక, మైకును మూతకు ఆనించినట్టు పెడితే చాపు అనే దెబ్బ మోత గాక వేలి తాకిడే ముద్రితమవుతుంది. వాద్యానికి ముందు, రెండడుగుల ఎత్తున ఒకే మైకు ఉంచడం ఇంటి గదికి తరచు చాలు. రెండు మూతలకూ రెండు మైకులు పెట్టినప్పుడు వాటి తరంగాలు ఎదురెదురై తొప్పి పలచబడితే, ఒక మైకు సంకేతపు ధ్రువాన్ని (పొలారిటీని) తిప్పి విని నిర్ణయించాలి.

ఒక్కొక్కరిని విడిగా ముద్రించి తరువాత అతికించే పద్ధతి ఇంటి ముద్రణలో సర్వసాధారణమైంది. నేర్చుకున్న కృతికి అది సరిపోవచ్చు. కల్పనస్వరాలకు మాత్రం సరిపోదు. గాయకుని మనోధర్మానికి వయొలిన్ అప్పటికప్పుడు బదులివ్వడం, ముక్తాయింపును పసిగట్టి మృదంగం అందుకోవడం ఎదురుబొదురుగా కూర్చున్నప్పుడే జరుగుతాయి. ఒకరి మైకులోకి మరొకరి ధ్వని కొంత చొరబడినా ఆ జీవాన్ని దక్కించుకోవడమే ఉచితం. చొరబాటును అదుపు చేయడానికి, ఒక మైకు తన వాద్యం నుంచి ఎంత దూరముందో, దానికి మూడింతల దూరంలో రెండో మైకును ఉంచే పాత నియమం ఉంది. తంబురాను మాత్రం విడిగా ముద్రించి, అందరి చెవులకూ హెడ్‌ఫోన్లలో వినిపిస్తే, తరువాత దాని స్థాయిని ఇష్టం వచ్చినట్టు దిద్దుకోవచ్చు.

24 బిట్ల ముద్రణలో నిశ్శబ్దానికీ గరిష్ఠ ధ్వనికీ నడుమ చోటు ఎంతో విశాలం కనుక, అత్యధిక శిఖరాలు మైనస్ 12 డెసిబెళ్ల దగ్గర ఆగేలా ముందే తగ్గించి ముద్రించాలి. శిఖరం తెగిన తరంగాన్ని ఏ సాధనమూ పూర్తిగా బాగుచేయలేదు. స్థాయి తేడాలను కుదించే కంప్రెసర్‌ను మితంగా వాడాలి. శ్రుతి దిద్దే సాఫ్ట్‌వేర్ మరింత ప్రమాదకరం. సప్తకాన్ని పన్నెండు స్థిరస్థానాలుగా భావించి నడిచే ఆ సాధనం తోడి రాగపు గాంధారంలోని కంపితాన్ని తప్పుగా ఎంచి, ఊగే స్వరాన్ని దగ్గరి స్థానానికి లాగి నిలబెడుతుంది. దానితో శ్రుతిదోషం పోయినా పోకపోయినా రాగం మాత్రం పోతుంది. పూర్తయిన ముద్రణను ఒకే సాధనంపై విని తేల్చకూడదు. ఫోను స్పీకరులో తొప్పి వినబడలేదని మంద్రాన్ని పెంచితే కారులో అది గాత్రాన్ని మింగేస్తుంది కనుక, పేరున్న కచేరీ రికార్డు ఒకదానిని అదే స్థాయిలో పక్కన వింటూ, మంచి హెడ్‌ఫోన్లలో తొప్పి మోతాదును స్థిరపరచుకుని, ఆపైన మిగతా సాధనాలపై సరిచూసుకోవాలి.