సొంత ఖర్చుతో కథల పుస్తకం

తెలుగులో కథల సంపుటి చాలాసార్లు రచయిత సొంత డబ్బుతోనే అచ్చవుతుంది. శ్రీకాకుళం, విజయనగరాల్లో ఆ పని చేసేవాళ్లలో బడిపంతుళ్లు, చిరుద్యోగులు ఎందరో. జీతంలో మిగుల్చుకుని ఐదొందలో వెయ్యో కాపీలు వేయిస్తారు. నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది వాళ్లు ప్రూఫులు దిద్దే ఓపిక. పాత్రల నోట పలికిన ఊరి యాసను డీటీపీలో ఎవరైనా పుస్తకభాషగా మార్చేస్తే, పట్టుబట్టి మళ్లీ యాసలోకే తెప్పిస్తారు. షాపు కమీషను, పోస్టు ఖర్చులు పోగా మిగిలేది స్వల్పం. అయినా మరో సంపుటికి సిద్ధమవుతారు!

కథకుడు కారా మాస్టారు, అంటే కాళీపట్నం రామారావు, తన పురస్కారాల డబ్బుతో 1997లో శ్రీకాకుళంలో కథానిలయం అనే కథల గ్రంథాలయం నెలకొల్పారు. పెద్ద ప్రచురణకర్త పేరు లేని ఇలాంటి సంపుటాలకూ అక్కడ చోటుంది. పరిశోధక విద్యార్థులు వెతుక్కుంటూ వచ్చి వాటిని చదువుతారు.