బాడిస పట్టిన బడి

న్యూజిలాండ్ ఉత్తర ప్రాంతంలోని వైటాంగిలో 1940 ఫిబ్రవరి 6న ఒక సభాగృహాన్ని ప్రారంభించారు. బ్రిటిష్ రాణి తరఫు మనుషులకూ మావోరి తెగల నాయకులకూ అక్కడే ఒప్పందం జరిగి ఆనాటికి సరిగ్గా నూరేళ్ళు. ఆ ఇంటి పేరు టె ఫారె రూనంగా. లోపల రెండు పక్కల గోడల వెంట నిలువెత్తు చెక్కపలకలు వరసగా నిలబడి ఉంటాయి. ఒక్కో పలక మీద ఒక పూర్వీకుడు. పెద్ద తల, బయటికి చాచిన నాలుక, పొట్ట మీద ఆనించిన చేతులు, పావా అనే సముద్రపు గుల్లతో పొదిగిన మెరిసే కళ్ళు.

మొదటిసారి చూసేవారికి బొమ్మలన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. కాసేపు నిలబడి చూస్తే తేడాలు బయటపడతాయి. ఉత్తరాది తెగల పూర్వీకుడి ఒళ్ళు పాములా మెలికలు తిరిగి ఉంటుంది, తల పైకి కోసుగా లేస్తుంది. తూర్పు తీరం వాళ్ళ పూర్వీకుడు చతురస్రంగా, దిట్టంగా, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడతాడు. మావోరి ఇల్లు సాధారణంగా ఒక్క తెగది. అందులో ఆ తెగ పెద్దలే ఉంటారు, ఆ ప్రాంతపు చెక్కడపు బాణీయే ఉంటుంది. దేశంలోని అనేక తెగల వాళ్ళను ఒకే కప్పు కింద, ఎవరి బాణీలో వాళ్ళను నిలబెట్టడం మామూలు పనితనం కాదు. అన్ని బాణీలూ చేతికి పట్టుబడిన శిల్పులు కావాలి. వాళ్ళను తయారు చేసింది అప్పటికి పదమూడేళ్ళ కిందట రొటొరువా పట్టణంలో మొదలైన ఒక బడి. దాని పనితనాన్ని దగ్గరగా చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ బడి గొప్పతనం తెలియాలంటే దానికి ముందున్న బడుల సంగతి కొంత తెలియాలి. మావోరి పిల్లలకు తెల్లవాళ్ళ తరహా మొదటి బడిని 1816లో రంగిహౌవాలో థామస్ కెండల్ అనే క్రైస్తవ మిషనరీ తెరిచాడు. అక్కడ చదువు మావోరి భాషలోనే సాగింది. మిషన్ బడుల పుణ్యమా అని చదవడం, రాయడం తెగల మధ్య చాలా వేగంగా పాకాయి. తరవాత ప్రభుత్వం రంగంలోకి దిగింది. 1867 నాటి నేటివ్ స్కూల్స్ చట్టం ప్రకారం బడి కావాలనుకున్న ఊరివాళ్ళే స్థలం ఇవ్వాలి, కట్టడం ఖర్చులోనూ పంతులు జీతంలోనూ వాటా భరించాలి. బోధన మాత్రం ఇంగ్లిష్‌లో. 1880లో జేమ్స్ పోప్ ఈ బడులకు నియమావళి రాశాడు. చిన్న తరగతుల్లో మావోరి భాషను మెట్టుగా వాడుకుని ఇంగ్లిష్‌లోకి ఎక్కించమన్నది అందులోని పద్ధతి. ఆచరణలో ఆ మెట్టు కూడా చాలా చోట్ల మిగల్లేదు. బడి ఆవరణలో సొంత భాష మాట్లాడినందుకు దెబ్బలు తిన్న తరాలు ఉన్నాయి.

ఇంగ్లిష్ వచ్చాకైనా పెద్ద చదువుకు దారి ఇచ్చారా అంటే అదీ లేదు. టె ఆటె కాలేజీ అనే మావోరి అబ్బాయిల బడిలో జాన్ థార్న్‌టన్ అనే ప్రధానోపాధ్యాయుడు విద్యార్థులను విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షకు తయారు చేసేవాడు. అక్కడి నుంచి డాక్టర్లు, లాయర్లు వచ్చారు. 1906లో ప్రభుత్వం వేసిన విచారణ సంఘం ఆ బడి మీద దృష్టి పెట్టి, మావోరి పిల్లలకు వ్యవసాయమూ చేతిపనులూ నేర్పడం మంచిదని సిఫారసు చేసింది. వీళ్ళకు చేతులు చాలు, తల అక్కర్లేదన్నమాట.

ఆ టె ఆటెలో చదివినవాడే అపిరానా న్గాటా. తూర్పు తీరంలోని న్గాటి పోరో తెగవాడు. 1893లో బీఏ పూర్తి చేశాడు, తరవాత లా చదివాడు, 1905లో పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. చేతిపనే మీకు తగునని ప్రభుత్వం అనకముందే డిగ్రీలు సాధించి చూపిన మనిషి, తీరా తానే పూనుకుని ఒక చేతిపనుల బడి పెట్టించాడు. 1926లో మావోరి కళలు, చేతిపనుల చట్టం చేయించాడు. 1927లో రొటొరువా సరస్సు ఒడ్డున ఓహినెముటులో బడి మొదలైంది. పైకి చూస్తే ఇది విచారణ సంఘం మాటకు తలవంచినట్టే ఉంటుంది. లోపల జరిగినది పూర్తిగా వేరు. ఆ బడిలో ఉలి పట్టినవాడు వంశావళి తెలియకుండా ఒక్క బొమ్మనూ పూర్తి చెయ్యలేడు. పలక మీద ఉన్నది ఎవరు, ఎవరి కొడుకు, ఏ వలస పడవలో వచ్చిన వాళ్ళ సంతతి, ఏ పని చేసి పేరు తెచ్చుకున్నాడు, అతని పక్కన ఎవరిని నిలబెట్టాలి, ఎవరిని నిలబెట్టకూడదు? ఇదంతా చరిత్ర పాఠమే. చేతిపని, తలపని అన్న విభజనను ఆ బడి తన పనితోనే కొట్టిపారేసింది.

బడికి మొదటి డైరెక్టరు హెరాల్డ్ హామిల్టన్. మొదటి గురువులు, విద్యార్థులు ఎక్కువగా ఆ ప్రాంతపు టె అరావా తెగవాళ్ళు. న్గాటా తన తెగ నుంచి పినే టైయాపా అనే యువకుణ్ణి పంపాడు. పినే రగ్బీ ఆటగాడు, చురుకైనవాడు. ఉలి పని తొందరగానే పట్టుబడింది. అయినా ఒక లోటు కనిపించింది. పాత ఇళ్ళలోని బొమ్మలకు ఉన్న నిండుదనం కొత్త పలకలకు రావడం లేదు. కారణం బాడిస. పూర్వం శిల్పులు పనిని బాడిసతో మొదలుపెట్టి ఉలితో ముగించేవారు. కొత్తవాళ్ళ చేతికి ఉలి వచ్చింది కానీ బాడిస వాడుక రాలేదు.

ఇక్కడ కొంచెం ఆగాలి. ఉలి చేసేది ఉపరితలం మీది పని. గాట్లు పెట్టడం, చుట్టలు తిప్పడం, అంచులు తీర్చడం దాని వంతు. పలక ఎక్కడ లోతుగా ఉండాలి, భుజం ఎంత ముందుకు రావాలి, నుదురు ఏ వాలులో కళ్ళ దాకా దిగాలి అన్నవి బాడిస దెబ్బలతోనే తేలిపోతాయి. కర్రలోని నార ఏ దిక్కుగా పోతున్నదో చూసుకుంటూ, చేవ దాకా పేళ్ళు లేపుకుంటూ వెళ్తాడు శిల్పి. గురి తప్పిన ఒక్క దెబ్బను తరవాత ఏ ఉలీ సరిదిద్దలేదు. అందుకని బాడిస పట్టేవాడికి పూర్తి బొమ్మ ముందే కళ్ళలో ఉండాలి. ఆ చూపు పుస్తకంలో దొరకదు, పక్కన నిలబడి నేర్పేవాడు కావాలి.

అలాంటివాడి కోసం పినే ఊళ్ళు తిరిగాడు. చివరికి టె టెకోలో ఎరామిహా కపువా అనే పెద్దాయన దొరికాడు. ఆయన న్గాటి టరాఫై అనే శిల్పుల తెగవాడు. తండ్రి నెకె కపువా కూడా పేరున్న శిల్పి. తాత ముత్తాతల నుంచి చేతులు మారుతూ వచ్చిన బాడిస పని ఆయన దగ్గర చెక్కుచెదరకుండా ఉంది. ఆయన రొటొరువా బడికి వచ్చి నేర్పాడు. పినే, అతని తమ్ముడు హోనే ఆ విద్యను అందుకున్నారు. ఒక విద్య ఒక్క ముసలాయన చేతుల్లోకి వచ్చి ఆగిపోయేదాన్ని, అక్కడి నుంచి మళ్ళీ పదుల చేతుల్లోకి పంచడమే ఈ బడి చేసిన అన్నిటికన్నా గొప్ప పని.

గురువు సరే, పాఠ్యపుస్తకం? దానికి న్గాటా ఎంచుకున్నది ఒక ఇల్లు. పేరు టె హౌ కి టూరంగా. గిస్బోర్న్ దగ్గర రోంగోఫాకాటా తెగ నాయకుడు రహరూహి రుకుపో, చనిపోయిన తన అన్న జ్ఞాపకంగా 1840ల తొలి ఏళ్ళలో చెక్కించిన ఇల్లు అది. ఇనుప పనిముట్లు చేతికొచ్చిన తొలి రోజుల పని. 1867లో ప్రభుత్వం ఆ ఇంటిని విప్పి వెల్లింగ్‌టన్ మ్యూజియానికి పట్టుకుపోయింది. మ్యూజియానికి కొత్త భవనం కట్టిన 1930లలో ఆ ఇంటిని తిరిగి నిలబెట్టే పనిలో న్గాటా శిల్పులు పాలుపంచుకున్నారు. రుకుపో పలకల దగ్గర అంతసేపు గడిపినవాడికి వేరే బడి అక్కర్లేదు. నిండైన శరీరాలు, వాటి మీద రౌపోంగా అనే నమూనా. సన్నని సమాంతర గీతల మధ్య కుక్కపళ్ళలాంటి చిన్న గాట్ల వరస, ఆ వరస భుజం వంపుతో పాటు వంగుతుంది, మోకాలి గుండ్రంతో పాటు తిరుగుతుంది. నగిషీ శరీరం మీద అతికించినట్టు ఉండదు, శరీరం లోపలి నుంచి పుట్టినట్టు ఉంటుంది. వైటాంగి పలకల్లో కనిపించే క్రమశిక్షణ ఇక్కడ నేర్చుకున్నదే.

ఒక శిల్పికి ఇల్లంటే చెక్కిన పలకల వరస మాత్రమే కాదు. ఇల్లంతా కలిపి ఒక పూర్వీకుడి శరీరం. నడికొప్పు దూలం వెన్నెముక, వాసాలు పక్కటెముకలు, ముందు వాలుగా దిగే రెండు పెద్ద పలకలు చాచిన చేతులు. వాసాల మీద ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో కోఫైఫై చిత్రాలు. చెక్కిన పలకల మధ్య మధ్య టుకుటుకు అనే అల్లిక తడికెలు. ఇవి ఆడవాళ్ళ విద్య. నిలువుగా రెల్లు కాడలు, అడ్డంగా సన్నని చెక్క బద్దలు పేర్చి, కియెకియె ఆకునార, పింగావో అనే బంగారు రంగు గడ్డితో బిగించి కడతారు. తడికెకు ఇటు ఒకరు, అటు ఒకరు కూర్చోవాలి. ముందు కూర్చున్నామె నారను దూర్చి ఇస్తే, వెనక కూర్చున్నామె అందుకుని తిరిగి పంపుతుంది. నమూనా ముందున్నవారికే కనిపిస్తుంది, వెనకున్నవారు మాట విని చేతితో లెక్క పెట్టుకోవాలి. ఇద్దరూ మాట్లాడుకుంటూ పని చెయ్యకపోతే ఒక్క వరసా నిలవదు. ఈ అల్లికల్లో పౌటమా అని ఒక నమూనా ఉంది. ఇరుపక్కలా మెట్లు మెట్లుగా పైకి పోతుంది. జ్ఞానపు బుట్టల కోసం టానె దేవుడు ఆకాశానికి ఎక్కిన మెట్లు అవేనని పెద్దలు చెబుతారు. న్గాటా బడి పనుల వల్ల ఊళ్ళలో ఆడవాళ్ళు ఈ అల్లికను మళ్ళీ చేతపట్టారు.

బడి మనుషులు ఒకచోట కూర్చోలేదు. ఊరు పిలిస్తే ఊరికి వెళ్ళారు, అక్కడే దుంగలు పరిచారు, అక్కడి పెద్దల దగ్గర కథలు విన్నారు, ఇల్లు పూర్తయ్యాక ఇంకో ఊరికి కదిలారు. గిస్బోర్న్‌లో 1930లో తెరిచిన టె పోహో ఓ రావిరి, టోకోమారు బే, వైటారా, ఓటాకిలో లేచిన ఇళ్ళు ఆ ప్రయాణంలోనివే. ఊళ్ళో ఇల్లు లేస్తుంటే చుట్టూ చేరిన పిల్లలు తమ తాతల పేర్లు వింటూ పెరిగారు. ప్రభుత్వ బడి వాళ్ళకు ఇవ్వనిది అదే. ఆ 1930లలోనే డగ్లస్ బాల్ అనే విద్యాధికారి నేటివ్ స్కూళ్ళలోకి మావోరి కళలను అనుమతించాడు. కళలు లోపలికి వచ్చాయి కానీ భాష ఇంకా బయటే ఉంది.

ఈ పనితనంలో ఎంచదగిన లోపం ఒకటుంది. న్గాటా పాత బాణీకి పట్టుపట్టాడు. 1880లలో వైటూహిలో కట్టిన రోంగోపాయి వంటి ఇళ్ళలో యువ చిత్రకారులు చెట్లను, పూలను, మనుషులను స్వేచ్ఛగా రంగుల్లో గీశారు. ఆ ధోరణికి కొత్త బడిలో చోటు దక్కలేదు. ఒక దారిని కాపాడే పట్టుదలలో పక్క దారి మూసుకుపోయిందని తరవాతి కళాచరిత్రకారులు అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. కాకపోతే ఆ దశలో బాడిస పని ఒక్కసారి పోతే తిరిగి రాదన్నదీ నిజమే. ముందు దాన్ని నిలబెట్టాలనుకున్న న్గాటాను నేను తప్పుపట్టలేను.

1930ల చివర్లో బడి మూతపడింది. చదువు మాత్రం ఆగలేదు. పినే రెండో ప్రపంచయుద్ధంలో మావోరి బెటాలియన్‌లో పోరాడి తిరిగివచ్చి మళ్ళీ ఉలి పట్టాడు. ప్రభుత్వ బడుల్లో చిత్రకళ నేర్పడానికి తయారైన మావోరి టీచర్లు తరవాత ఆయన దగ్గర చెక్కడం నేర్చుకున్నారు. వాళ్ళలో క్లిఫ్ ఫైటింగ్ ఒకరు. వెల్లింగ్‌టన్‌లోని టె పాపా మ్యూజియంలో ఉన్న సభాగృహాన్ని ఆయన ఆధ్వర్యంలో రూపొందించారు. అది ఎర్రని, నీలి, పసుపు రంగుల్లో పూర్తిగా కొత్త బాణీలో ఉంటుంది. పాత దారి గట్టిగా తెలిసినవాడే కొత్త దారి తీయగలడనడానికి అంతకన్నా రుజువు లేదు. 1963 చట్టంతో కొత్తగా ఏర్పడి 1967లో రొటొరువాలో తెరుచుకున్న జాతీయ చెక్కడపు విద్యాసంస్థకు హోనే టైయాపా తొలి ప్రధాన శిల్పి అయ్యాడు. ఆ సంస్థ ఇప్పటికీ యువకులను తీసుకుని చెక్కడం నేర్పుతున్నది.

భాష వంతు ఆ తరవాత వచ్చింది. 1972లో న్గా టమాటోవా అనే యువజన బృందం, మావోరిని బడుల్లో నేర్పాలని ముప్పై వేలకు పైగా సంతకాలతో పార్లమెంటుకు వినతిపత్రం ఇచ్చింది. 1982లో వైనూయిఓమాటాలో మొదటి కోహంగా రెయో తెరిచారు. అక్కడ చిన్నపిల్లలకు అమ్మమ్మలు, నానమ్మలు మావోరిలోనే అన్నీ చెప్పారు. 1985లో ఆ పిల్లలు పెద్దయ్యాక చదివే మావోరి బడి వచ్చింది. 1987లో ఆ భాష అధికార భాష అయ్యింది. ఈ ఉద్యమం చేసినవాళ్ళు న్గాటా బడిని నకలు చెయ్యలేదు. కానీ ఆ బడి అర్ధశతాబ్దం ముందే చూపిన సూత్రం వాళ్ళకూ ఉపయోగపడింది: విద్య ఎవరి దగ్గర మిగిలి ఉందో వెతికి పట్టుకో, వాళ్ళను గురువు స్థానంలో కూర్చోబెట్టు, నేర్చుకున్నవాణ్ణి మళ్ళీ ఊళ్ళోకి పంపు.

మావోరి విద్యాచరిత్ర గురించి ఎవరైనా రాస్తే చట్టాలూ, విచారణ సంఘాలూ, దెబ్బలూ ముందు వస్తాయి. అవన్నీ నిజమే, రాయవలసినవే. వాటి పక్కన వైటాంగి ఇంటిని కూడా ఒక బడి పరీక్షా ఫలితంగా చదవమని నా మనవి. న్యూజిలాండ్ వెళ్ళే తెలుగువాళ్ళలో చాలామంది రొటొరువాలో వేడినీటి ఊటలు చూసి వస్తారు. వాటికి ఆనుకునే చెక్కడం నేర్పే కర్మశాల ఉంది. ఊటల ఫొటోలు అయ్యాక అక్కడ ఒక అరగంట నిలబడండి. ఒక విద్యార్థి చేతిలో ఉలి ఎలా కదులుతున్నదో చూడండి.