చంద్రుడికి లేని కులం పంచాంగానికి ఉంది

ఉగాది వచ్చినా, ఏరువాక పున్నమి వచ్చినా, దీపావళి అమావాస్య వచ్చినా పత్రికల ప్రత్యేక పేజీల్లో ఒకే రకం వ్యాసం కనిపిస్తుంది. మన పండుగలు ప్రకృతి పండుగలు, చంద్రుడి నడకను బట్టీ రుతువుల్ని బట్టీ పెద్దలు ఏర్పరిచినవి, కులమతాలకు అతీతంగా ఊరంతా కలిసి చేసుకునేవి. ఇదీ దాని సారాంశం. ఇందులో మొదటి సగం నిజమే. మన పండుగల్లో చాలా భాగం చాంద్రమానం ప్రకారమే నడుస్తున్నాయి. మన పేచీ రెండో సగం మీద. ఊరంతా అంటే ఎవరు? వాడ ఆ 'ఊరంతా'లో ఉందా? ఉంటే ఏ పనికి ఉంది? ఈ ప్రశ్న వేయకుండా పండుగ గురించి రాసే ప్రతి వ్యాసమూ ప్రకృతి పేరు చెప్పి కులాన్ని దాచిపెడుతుంది.

చంద్రుడు అందరికీ కనిపిస్తాడు. ఇవాళ పున్నమి, ఇవాళ అమావాస్య అని చెప్పడానికి ఎవరికీ చదువు అక్కర్లేదు. సముద్రం మీద వేటకు పోయేవాళ్ళు పోటూ పాటూ చంద్రుణ్ణి బట్టే లెక్క కట్టుకున్నారు. తిథి సంగతి వేరు. చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు ఎడం జరగడానికి పట్టే కాలం ఒక తిథి. అది ఒకసారి 19 గంటలే ఉంటుంది, ఒకసారి 26 గంటల దాకా సాగుతుంది. మధ్యాహ్నం మొదలు కావచ్చు, నడిరాత్రి ముగియవచ్చు. అంటే కంటికి కనిపించే చంద్రుడు ఒకడు, లెక్కలో ఉండే చంద్రుడు మరొకడు. ఆ లెక్క ఎవడి చేతిలో ఉందో వాడే ఏ రోజు పండుగో, ఏ ఘడియ మంచిదో చెబుతాడు. అందరికీ కనబడే చంద్రుణ్ణి కొందరే చదవగలిగిన పుస్తకంలో పెట్టడమే పంచాంగం చేసిన పని. ఉగాది నాడు గుడిలో పంచాంగ శ్రవణం జరుగుతుంది. గుడి మెట్లెక్కనివ్వని వాళ్ళకు ఆ ఏడు వానలెన్నో, పంటలెన్నో ఎవరు చదివి వినిపించారు? ఆ రోజు వాళ్ళు వినేది వేరే మాట: ఈ ఏడు ఏ ఆసామి కింద పాలేరుతనం, ఎన్ని బస్తాల గింజలు అని.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడాలి. చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 రోజులు, సౌరమానానికి 365. ఏటా వచ్చే ఈ 11 రోజుల తేడాను సర్దడానికి 19 ఏళ్ళలో 7 అధికమాసాలు కలుపుతారు. 2022 ఉగాది ఏప్రిల్ 2న వచ్చింది, 2023 ఉగాది మార్చి 22న. మధ్యలో 354 రోజులు. 2023లో అధిక శ్రావణం పడింది. కాబట్టి ఆ ఉగాది నుంచి 2024 ఏప్రిల్ 9 ఉగాదికి 384 రోజులయింది. పంచాంగానికి ఇవి రెండూ ఒక్కొక్క సంవత్సరమే. ఉగాది నుంచి ఉగాదికి, ఏడాదికి ఇన్ని గింజలని కుదిరిన పాలేరుకు మాత్రం రెండోది నెల రోజుల అదనపు చాకిరి. 354 రోజుల ఏళ్ళలో పాలేరుకే లాభం గదా అని ఎవరైనా అనొచ్చు. పంతొమ్మిదేళ్ళు ఒకే గడపలో పడి ఉంటే లెక్క సరిపోతుంది నిజమే. కానీ గింజలు కొలిచేది ఏడాదికి. పదమూడు నెలల ఏడు కుదిరినవాడి కడుపు పంతొమ్మిదేళ్ళ సగటుతో నిండదు. అధికమాసంలో పెళ్ళిళ్ళు వద్దు, గృహప్రవేశాలు వద్దు అంటుంది శాస్త్రం. కొట్టం ఊడవడం వద్దని మాత్రం అనలేదు. శుభకార్యాలకు పనికిరాని నెల పేడ ఎత్తడానికి పనికొచ్చింది. వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది 1976లో. అంతకు ముందు పాలేరుతనం చేసిన పెద్దలు మన వాడల్లో ఇంకా ఉన్నారు. పదమూడో నెలకు గింజలు కొలిచారా అని వాళ్ళను అడగడం ఒక పరిశోధన. పండుగల మీద వచ్చిన పుస్తకాల్లో ఎంతమంది ఈ ప్రశ్న అడిగారో చూడండి.

వెన్నెల సంగతీ ఇంతే. తెలుగు కవిత్వంలో వెన్నెల అంటే విరహం, విహారం. పొలంలో వెన్నెల అంటే నూనె ఖర్చు లేని దీపం. కుప్ప నూర్పిళ్ళు వెన్నెల రాత్రుల్లో సాగేవి. పగటి ఎండ తప్పించుకోవడానికి అది కూలీలకూ అనుకూలమే, కాదనం. కానీ పొద్దు గుంకినా పని గుంకకపోవడం కూడా ఆ వెన్నెల వల్లనే. అధికమాసం ఏడాదిని సాగదీసినట్టే పున్నమి పనిరోజును సాగదీసింది. జాషువా 'గబ్బిలం' (1941)లో అరుంధతీసుతుడు తన గోడు చెప్పుకోవడానికి హంసనూ మేఘాన్నీ కాకుండా చీకట్లో తిరిగే గబ్బిలాన్ని ఎంచుకున్నాడు. మనిషికి దొరకని గుడి ప్రవేశం దానికి దొరుకుతుంది గనక. వెన్నెల కవిత్వాన్ని సౌందర్యంగా చదివే విమర్శకుడు ఈ చీకటి ఎంపికను కూడా సౌందర్యశాస్త్రంగా చదవగలగాలి.

ఇక పండుగల దగ్గరికొద్దాం. జ్యేష్ఠ పున్నమి ఏరువాక. నాగలికి పసుపు కుంకుమ పెడతారు, ఎద్దుల కొమ్ములకు రంగులు పూస్తారు. ఆ ఎద్దు మెడ పట్టెడ, చెర్నాకోల, బావి మీది కపిలె బాన, దున్నేవాడి కాలి చెప్పు, అన్నీ మాదిగ చేతి తోలు. పూజ నాగలికి అందింది గానీ తోలు పదును చేసిన చేతికి అందలేదు. ఆ చేతిని ముట్టుకోకుండా ఉండడమే ఆచారమయింది.

బతుకమ్మ భాద్రపద అమావాస్య నాడు మొదలై ఆశ్వయుజ శుద్ధ అష్టమికి సద్దులతో ముగుస్తుంది. పురోహితుడు అక్కర్లేని పండుగ, ఆడవాళ్ళు తమ చేతుల మీదుగా నడిపించుకునే పండుగ. ఆ బలాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ చాలా ఊళ్ళలో ఊరి బతుకమ్మ వేరు, వాడ బతుకమ్మ వేరు. పూలు ఒకే గుట్ట మీదివి, చెరువు ఒకటే, ఆడే చోట్లు మాత్రం రెండు. తంగేడు పువ్వునే తీసుకోండి. బతుకమ్మను పేర్చేది దానితోనే. ఆ చెట్టు చెక్కతోనే మాదిగలు తరతరాలుగా లందలో తోలు ఊనారు. తోలు కుళ్ళకుండా ఆపే గుణం తంగేడు చెక్కలో ఉందని కనిపెట్టిన విజ్ఞానం వాళ్ళది. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగయింది. తంగేడు రాష్ట్ర పుష్పమయింది. సంతోషమే. చెట్టుకు పూసిన పువ్వు ప్రభుత్వం దాకా పోయింది, అదే చెట్టు చెక్క లంద దగ్గరే ఉండిపోయింది. పువ్వు గురించి పాటలున్నాయి, లంద గురించి ముక్కు మూసుకోవడం ఉంది. బతుకమ్మ మీద రాసే విమర్శ చెట్టును మొత్తంగా చూడాలా వద్దా?

చంద్రుడి తప్పేమీ లేదని తెలియాలంటే ఒకే పున్నమి రెండు చోట్ల ఏం చేస్తుందో చూస్తే చాలు. మాఘ శుద్ధ పున్నమికి మేడారంలో రెండేళ్ళకోసారి సమ్మక్క సారలమ్మ జాతర జరుగుతుంది. పూజారులు కోయలు. విగ్రహం లేదు, మంత్రం లేదు. పాలకుల మీద పోరాడి చనిపోయిన ఆడవాళ్ళ జ్ఞాపకం ఆ జాతర. 1996లో దానికి రాష్ట్ర పండుగ గుర్తింపు వచ్చింది. అదే మాఘ పున్నమికి కర్ణాటకలోని సవదత్తి ఎల్లమ్మ గుట్టకు జనం పోటెత్తుతారు. ఎల్లమ్మ పేరు మీద దళిత ఆడపిల్లల మెడలో పూసలు కట్టి దేవదాసీలను చేసిన చరిత్ర ఆ గుట్టది. మన తెలంగాణ పల్లెల్లో జోగినీల చరిత్ర కూడా ఆ దేవత చుట్టూనే అల్లుకుంది. కర్ణాటక 1982లో, ఆంధ్రప్రదేశ్ 1988లో నిషేధ చట్టాలు తెచ్చాయి. ఒక పున్నమి ధిక్కారాన్ని గుర్తు చేస్తుంది, అదే పున్నమి ఆడపిల్ల దేహాన్ని ఊరికి అప్పగిస్తుంది. వెలుతురు ఒకటే. తేడా అంతా పండుగ ఎవరి చేతిలో ఉంది, ఎవరి మీద నడుస్తుంది అన్నదే. ఎల్లమ్మ బహుజన దేవత గదా అని ఊరుకుంటే జోగినికి జవాబు చెప్పలేం. మన దేవతల పండుగలను కూడా మనం ఇదే గీటురాయి మీద పెట్టాలి.

దళిత ఉద్యమం తనకంటూ ఒక క్యాలెండర్ తయారు చేసుకుంది. అందులో తిథులు కాదు, తారీకులున్నాయి. ఏప్రిల్ 14, డిసెంబర్ 6. మనుస్మృతిని తగలబెట్టిన 1927 డిసెంబర్ 25. కారంచేడు 1985 జూలై 17, చుండూరు 1991 ఆగస్టు 6. తారీకు చెప్పడానికి పంతులు అక్కర్లేదు. గోడకు వేలాడే క్యాలెండర్ చాలు. ఇది చిన్న మార్పు కాదు. దేశానికంతకూ ఒకే క్యాలెండర్ కావాలని 1952లో వేసిన సంఘానికి అధ్యక్షుడైన మేఘనాథ్ సాహా శూద్ర కుటుంబం నుంచి వచ్చిన శాస్త్రవేత్త. కులం పేరుతో హాస్టల్లో అవమానం అనుభవించినవాడు. ఆయన సంఘం 1955లో నివేదిక ఇచ్చింది. 1957 మార్చి 22 నుంచి సౌరమాన జాతీయ క్యాలెండర్ అమల్లోకి వచ్చింది. అయితే మతపరమైన పండుగలను మాత్రం ఆ సంఘం కూడా చాంద్రమానానికే వదిలేసింది. లెక్కలోని తప్పులు దిద్దాలనుకుంది గానీ పండుగ మీది పెత్తనం జోలికి పోలేదు. శక తేదీ గెజిట్ మీదా రేడియోలోనూ మిగిలింది, ఊళ్ళో పంచాంగం మిగిలింది.

అలాగని తిథిని పూర్తిగా వాళ్ళకే రాసిచ్చేయాలా? అంబేద్కర్ ఆ పని చేయలేదు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మందితో బౌద్ధం తీసుకున్నప్పుడు ఆ రోజు విజయదశమి. దాన్ని అశోకుడి పేరుతో కలిపి చూశారు. నేటికీ దీక్షాభూమికి జనం దసరా తిథికి వస్తారు, అక్టోబర్ 14కీ వస్తారు. అంతకంటే పాత సంగతి, పున్నమికీ అమావాస్యకూ భిక్షువులు ఉపోసథం పాటించారు. పున్నమి రోజుల్లో జీవహింస వద్దని అశోకుడు స్తంభాల మీద చెక్కించాడు. 'గులాంగిరీ' (1873)లో ఫూలే బలిచక్రవర్తిని మన రాజుగా నిలబెట్టాక దీపావళి మర్నాడు వచ్చే బలిపాడ్యమికి వేరే అర్థం వచ్చింది. తిథిని తిరిగి రాసుకోవచ్చునని వీళ్ళు చూపించారు. రాసుకోవడానికి ముందు దాని మీద ఎవరి శ్రమ ఉందో లెక్క తేలాలి.

విద్యార్థి మిత్రులూ, ఉపాధ్యాయులూ చేయదగిన పని ఒకటుంది. మీ ఊరి పండుగలు ఒక్కొక్కటీ తీసుకుని నాలుగు గళ్ళు గీయండి. ఏ తిథి, ఎవరు ఏ పని చేశారు, ఎవరికి ఏం ముట్టింది, ఎవరు ఎక్కడ నిలబడ్డారు. డప్పు ఎవరిది, దున్నపోతు మెడ మీద కత్తి ఎవరిది, తల ఎవరికి పోయింది, పేగులు ఎవరికి మిగిలాయి, అన్నీ రాయండి. ఆ కాగితం పక్కన పెట్టుకుని ప్రకృతి పండుగల వ్యాసాన్ని మళ్ళీ చదవండి. అందులో చంద్రుడు ఎంత ఉన్నాడో, ఆసామి ఎంత ఉన్నాడో మీకే తెలుస్తుంది.